అంతు చిక్కని సంఖ్య

బండిచక్రమునకు ఇనుపపట్టా బిగించు పని తేలికయైనది కాదు. పట్టా పొడవు కావలసినదానికంటె ఎక్కువైనచో అది చక్రముపై నిలువక జారిపోవును. తక్కువైనచో ఎంత ఎఱ్ఱగా కాల్చినను చక్రమునకు ఎక్కదు. అందుచేత కమ్మరి కొలిమి రాజేయుటకు ముందే చక్రపు అంచు పొడవెంతయో జాగ్రత్తగా కొలుచుకొనును. బావికి ఒరలు పోయువానికిని, గంపకు అంచు కట్టువానికిని ఇట్టి లెక్క తప్పదు. గుండ్రని వస్తువు అడ్డముగా ఇంత యున్నచో దాని చుట్టుకొలత ఎంత యుండును? ఈ ప్రశ్న పండితులకంటె ముందు పనివారికే ఎదురై యుండవలెను. చూచుటకు ఇది చిన్న ప్రశ్నయే. కాని దీనికి సరియైన సమాధానము కొఱకు మానవజాతి సుమారు నాలుగువేల సంవత్సరములు శ్రమించినది.

వృత్తము చుట్టునుగల కొలతను పరిధి యందురు. కేంద్రము మీదుగా ఒక అంచునుండి ఎదుటి అంచునకు గీచిన సరళరేఖను వ్యాసమందురు. ఒక పళ్ళెమును తీసికొని, దాని అంచు చుట్టును దారమును చుట్టి, ఆ దారమును విప్పి వ్యాసముతో కొలిచి చూడుడు. మూడు వ్యాసములు పోగా కొంచెము దారము మిగులును. ఆ మిగులు ముక్క వ్యాసములో ఏడవవంతునకు కొంచెము తక్కువగా నుండును. గాజుతో కొలిచినను, బిందె మూతితో కొలిచినను, బండిచక్రముతో కొలిచినను ఇదే ఫలితము. వృత్తము చిన్నదైనను పెద్దదైనను పరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి మాఱదు. ఇట్లు ఎన్నడును మాఱని సంఖ్యను స్థిరాంక మందురు. ఈ స్థిరాంకమునకు ‘పై’ అని పేరు. ఇది తెలుగులో మీద అను అర్థమునిచ్చు మాట కాదు. గ్రీకు భాషలోని ఒక అక్షరము పేరు.

మూడు వ్యాసములు పోగా మిగిలిన ఆ దారపుముక్క సరిగా ఎంత? ‘పై’ చరిత్ర యంతయు ఈ ఒక్క ముక్కను గూర్చిన చరిత్రయే. ఎవరెంత దగ్గరకు వచ్చిరో తెలిసికొనుటకు ఒక కొలబద్ద ఉన్నచో మంచిది. భూమి వ్యాసము సుమారు 12,742 కిలోమీటర్లు. భూమిని సరియైన గోళముగా భావించి, ఒక్కొక్కరు చెప్పిన విలువతో దాని చుట్టుకొలతను లెక్కించి, ఎంత తేడా వచ్చునో చూడవచ్చును. ఉదాహరణకు, ఆ ముక్కను పూర్తిగా విడిచి ‘పై’ విలువ 3 అనుకొన్నచో, భూమి చుట్టుకొలతలో 1,800 కిలోమీటర్ల తప్పు వచ్చును.

ప్రాచీన బాబిలోనియావారు మట్టిపలకలపై లెక్కలు వ్రాసికొనెడివారు. 1936లో సూసా అను చోట దొరకిన పలకలలో ఒకదానినిబట్టి వారు ‘పై’ని మూడును, పావులో సగమును, అనగా 3 1/8గా గ్రహించిరని తెలియుచున్నది. ఈజిప్టు దేశమున క్రీ.పూ. 1650 ప్రాంతమున ఆహ్మెస్ అను లేఖకుడు అంతకు పూర్వపు గ్రంథమునొకదానిని చూచి ఒక లెక్కల పుస్తకమును వ్రాసెను. అది ఇప్పుడు లండను నగరమున బ్రిటిష్ మ్యూజియములో కలదు. వృత్తవైశాల్యము కావలెనన్నచో వ్యాసములో తొమ్మిదవవంతు తీసివేసి, మిగిలినదానిని భుజముగా గల చతురస్రపు వైశాల్యమును కట్టవలెనని అందు చెప్పబడినది. దీనినిబట్టి ‘పై’ సుమారు 3.16 అగును. మన కొలబద్దమీద బాబిలోనియావారి తప్పు 211 కిలోమీటర్లు. ఈజిప్టువారి తప్పు 241 కిలోమీటర్లు. పొలము కొలుచుటకును, ధాన్యపు గాదె కట్టుటకును ఆ విలువలు చాలును. కాని ఈ విలువ ఎంతవరకు సరియైనది అను ప్రశ్న ఆ వ్రాతలలో కానరాదు.

ఆ ప్రశ్నకు తర్కబద్ధమైన సమాధానము చెప్పినవాడు ఆర్కిమిడీసు. ఇతడు క్రీ.పూ. మూడవ శతాబ్దమున సిసిలీ ద్వీపములోని సిరక్యూస్ నగరమున నివసించెను. ఇతడు దారముతో కొలువలేదు, ఆలోచనతో కొలిచెను. వృత్తము లోపల దాని అంచును తాకుచు ఒక షడ్భుజిని గీచినచో, ఆ షడ్భుజి చుట్టుకొలత సరిగా మూడు వ్యాసములగును. వృత్తపరిధి అంతకంటె ఎక్కువ యని స్పష్టమే. అట్లే వృత్తమును బయటనుండి తాకుచు మఱియొక షడ్భుజిని గీచినచో, పరిధి దాని చుట్టుకొలతకంటె తక్కువ యగును. భుజముల సంఖ్యను పెంచినకొలది లోపలి బహుభుజియు వెలుపలి బహుభుజియు వృత్తమునకు దగ్గరగుచు, దానిని రెండువైపులనుండి బిగించును. ఆర్కిమిడీసు ఆఱు భుజములనుండి పండ్రెండు, ఇరువదినాలుగు, నలుబదియెనిమిది, తొంబదియాఱు భుజములవఱకు ఈ పనిని సాగించెను. ‘పై’ 3 10/71 కంటె ఎక్కువయు, 3 1/7 కంటె తక్కువయు నని నిరూపించెను.

ఈ 3 1/7 అనునదే మన పాఠశాలలలో వాడు 22/7. ‘పై’ విలువ 22/7 అని కొందఱు విద్యార్థులు తలంతురు. అది సరికాదు. 22/7 అనునది ఆర్కిమిడీసు కట్టిన కంచెకు ఒక వైపు మాత్రమే; ‘పై’ ఆ కంచెకు లోపల నున్నది. 22/7తో లెక్కించినచో భూమి చుట్టుకొలతలో తప్పు 16 కిలోమీటర్లకు తగ్గును. అంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. సరియైన విలువ తనకు తెలియకున్నను, అది ఏ రెండు హద్దుల నడుమ నున్నదో ఆర్కిమిడీసు ఖండితముగా చెప్పగలిగెను. క్రీ.పూ. 212లో రోమనులు సిరక్యూస్ నగరమును పట్టుకొన్నపుడు ఒక సైనికుడు ఆ మహనీయుని వధించెను. అతని కంచె మాత్రము నేటికిని చెక్కుచెదరలేదు.

ఇట్టి మార్గమునే చీనాదేశీయులును అనుసరించిరి. మూడవ శతాబ్దమున లియూ హుయ్ అను పండితుడు బహుభుజుల నాశ్రయించి సూక్ష్మమైన విలువను సాధించెను. అయిదవ శతాబ్దమున జూ చుంగ్‌జీ అను గణితజ్ఞుడు ‘పై’ 3.1415926కును 3.1415927కును నడుమ నున్నదని తేల్చి, 355/113 అను చక్కని భిన్నమును చెప్పెను. ఈ భిన్నముతో లెక్కించినచో భూమి చుట్టుకొలతలో తప్పు మూడున్నర మీటర్లు మాత్రమే. ఇంచుమించు తొమ్మిదివందల సంవత్సరములవఱకు ప్రపంచమున నెవ్వరును దీనిని మించలేదు.

మన దేశమున ఆర్యభటుడు 499లో, తన ఇరువదిమూడవ యేట, ఆర్యభటీయమను గ్రంథమును రచించెను. నూటికి నాలుగు కలిపి, ఎనిమిదితో హెచ్చవేసి, అఱువదిరెండువేలు కూడినచో ఇరువదివేల వ్యాసముగల వృత్తమునకు పరిధి వచ్చునని అతడు ఒక శ్లోకమున చెప్పెను. ఆ ప్రకారము పరిధి 62,832, వ్యాసము 20,000. నిష్పత్తి 3.1416. మన కొలబద్దమీద తప్పు సుమారు 94 మీటర్లు. కాని ఆ శ్లోకమున సంఖ్యకంటె విలువైన మాట యొకటి కలదు. అది ‘ఆసన్నము’ అను మాట. ఆసన్నమనగా దగ్గరగా నున్నది. ఆర్యభటుడు తాను చెప్పినది పరిధి యనలేదు. పరిధికి దగ్గరి సంఖ్య యనెను. తన లెక్క ఎంత బాగుగా వచ్చినను, అదియే తుదిమాట యని చెప్పుకొనలేదు.

ఆర్యభటుని పిదప మన గణితజ్ఞులు సందర్భమునుబట్టి స్థూలమని, సూక్ష్మమని రెండు విధములైన విలువలను వాడిరి. బ్రహ్మగుప్తుడు 628లో స్థూలమునకు 3ను, సూక్ష్మమునకు పది యొక్క వర్గమూలమును చెప్పెను. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలములో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున వీనినే గ్రహించెను. ఈ గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగులో వెలసిన మొదటి గణితగ్రంథమని దానికి పేరు. భాస్కరాచార్యుడు 1150లో లీలావతియందు సూక్ష్మమునకు 3927/1250ని, పనివారి స్థూలమునకు 22/7ను చెప్పెను. ఏ పనికి ఎంత సూక్ష్మత కావలెనో ఎఱిగి వాడుట వారి పద్ధతి.

ఇంతవఱకు జరిగిన ప్రయత్నములన్నియు బహుభుజుల మీదనో, పూర్వుల లెక్కల మీదనో ఆధారపడినవి. క్రొత్తత్రోవ త్రొక్కినవాడు కేరళదేశీయుడైన సంగమగ్రామ మాధవుడు. ఇతడు పదునాలుగవ శతాబ్దపు ఉత్తరార్ధమునను, పదునైదవ శతాబ్దపు తొలిదినములలోను నుండెను. మాధవుడు వృత్తపరిధిని అంతులేని భిన్నముల వరుసగా వ్రాసి చూపెను. ఇట్టి వరుసకు శ్రేణి యని పేరు. వ్యాసము 1 అనుకొందము. మొదట 4 వ్రాయవలెను. దానినుండి 4/3 తీసివేయవలెను, 4/5 కలుపవలెను, 4/7 తీసివేయవలెను, 4/9 కలుపవలెను. ఇట్లు బేసిసంఖ్యలతో సాగిపోవలెను. వచ్చు ఫలితములు వరుసగా 4, 2.67, 3.47, 2.90, 3.34. ఇవి ఊయలవలె అటు నిటు ఊగుచు, ఊపు తగ్గించుకొనుచు ‘పై’ని సమీపించును.

ఈ శ్రేణి చూచుటకు సొగసైనదే గాని నడకలో మిక్కిలి మందము. నూఱు పదములు కూడినను రెండవ దశాంశస్థానమే కుదురుకొనదు. ఇది మాధవుడెఱుగును. అందుచేత, కొన్ని పదముల పిదప ఆగినచో మిగిలిన భాగమునకు బదులుగా ఏ సవరణ చేర్చవలెనో కూడ అతని సంప్రదాయమువారు చెప్పిరి. 900,000,000,000 వ్యాసముగల వృత్తమునకు పరిధి 2,827,433,388,233 అని మాధవుడు లెక్కించెను. ఇంత పెద్ద సంఖ్యను శ్లోకములో ఇముడ్చుటకు వారికొక ఉపాయము కలదు. కన్నులనగా రెండు, ఏనుగులనగా ఎనిమిది, అగ్నులనగా మూడు, దేవతలనగా ముప్పదిమూడు. ఇట్టి మాటలను వరుసగా కూర్చినచో సంఖ్య పద్యమై నోట నిలుచును. మాధవుని విలువలో పది దశాంశస్థానములు సరియైనవి. దానితో భూమి చుట్టుకొలతను లెక్కించినచో వచ్చు తప్పు తలవెండ్రుక మందము కూడ ఉండదు.

ఆర్యభటుడు ఆసన్నమని ఏల అనెను? మాధవుని సంప్రదాయమునకు చెందిన నీలకంఠ సోమయాజి ఆర్యభటీయమునకు వ్రాసిన భాష్యములో ఈ ప్రశ్నకు సమాధానము చెప్పెను. వ్యాసమును శేషము లేకుండ కొలుచు కొలబద్దతో పరిధిని కొలిచినచో శేషము మిగులును. పరిధిని శేషము లేకుండ కొలుచు కొలబద్దతో వ్యాసమును కొలిచినచో అందును శేషము మిగులును. కొలబద్దను ఎంత చిన్నదిగా చేసినను శేషము చిన్నదగును గాని పోదు. ఇది అతని అభిప్రాయము. ఈ శ్రేణుల ఉపపత్తులను జ్యేష్ఠదేవుడు పదునాఱవ శతాబ్దమున యుక్తిభాష అను పేరున మలయాళభాషలో వివరించెను. ఐరోపాలో గ్రెగరీ, లైబ్నిట్జ్ అనువారు ఈ శ్రేణిని పదునేడవ శతాబ్దమున స్వతంత్రముగా కనుగొనిరి. మలబారులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియైన చార్లెస్ విష్ అను ఆంగ్లేయుడు కేరళగ్రంథములను చదివి వ్రాసిన వ్యాసము 1830 తరువాతి సంవత్సరములలో వెలువడిన పిమ్మటనే మాధవుని సంప్రదాయమును గూర్చి పాశ్చాత్యులకు తెలిసినది.

ఐరోపాలో పాతపద్ధతితో తుదివఱకు పోరాడినవాడు లుడాల్ఫ్ వాన్ కూలెన్. ఇతడు హాలండులోని లైడెన్ నగరమున కత్తిసామును గణితమును బోధించెడివాడు. నలుబదియాఱువేల కోట్ల కోట్ల భుజములుగల బహుభుజిని లెక్కలోనికి తీసికొని, ముప్పదియైదు దశాంశస్థానములవఱకు ‘పై’ని సాధించెను. 1610లో అతడు మరణించిన పిదప ఆ అంకెలను అతని సమాధిఫలకముపై చెక్కిరి. ఆ ఫలకము కాలక్రమమున కనబడకుండ పోయినది. 2000లో లైడెన్‌లోని అదే దేవాలయమున క్రొత్త స్మారకఫలకమును నెలకొల్పిరి. జర్మనీలో చాలకాలము ఈ సంఖ్యను లుడాల్ఫు సంఖ్య యని పిలిచిరి.

‘పై’ అను పేరు మాత్రము 1706లో వచ్చినది. వేల్స్ దేశీయుడైన విలియం జోన్స్ పరిధి యను అర్థమునిచ్చు గ్రీకుమాటలోని మొదటి అక్షరమును గుర్తుగా వాడెను. మహాగణితజ్ఞుడైన ఆయిలర్ దానిని స్వీకరించుటతో ఆ గుర్తు లోకమంతట వ్యాపించెను. 1761లో లాంబర్ట్ అను పండితుడు ‘పై’ని ఏ భిన్నముగను వ్రాయుట సాధ్యము కాదని నిరూపించెను. అనగా దాని దశాంశములు ఎన్నటికిని ముగియవు. ఒకే వరుస తిరిగి తిరిగి రాదు. నీలకంఠుని మాటకు ఇట్లు నిరూపణ లభించినది. 1882లో లిండెమన్ అను జర్మను ఆచార్యుడు మఱియొక మెట్టు ఎక్కెను. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి, వృత్తమునకు సమానవైశాల్యముగల చతురస్రమును నిర్మించుట అసాధ్యమని అతని నిరూపణవలన తేలినది. రెండువేల యేండ్లకు పైగా ఎందఱో చేసిన విఫలయత్నములకు కారణ మప్పుడు తెలిసెను.

అయినను అందఱును దానిని అంగీకరింపలేదు. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున ఎడ్వర్డ్ గుడ్విన్ అను వైద్యుడు వృత్తమును చతురస్రముగా మార్చితినని చెప్పుకొని, తన లెక్కను చట్టముగా చేయింపబూనెను. ఆ చిత్తులోని ఒక వాక్యము ప్రకారము ‘పై’ విలువ 3.2 అగును. అట్లయినచో భూమి చుట్టుకొలత ఒక్కసారిగా 740 కిలోమీటర్లకు మించి పెరుగవలెను! శాసనసభలో 67 మంది సభ్యులు అనుకూలముగా ఓటువేసిరి; వ్యతిరేకించినవా రొక్కరును లేరు. ఆ సమయమున వాల్డో అను గణితాచార్యుడు వేఱొక పనిమీద సభాభవనమునకు వచ్చి, జరుగుచున్న చర్చను విని ఆశ్చర్యపడెను. అతడు ఎగువసభ సభ్యులకు విషయమును వివరింపగా, వారు ఆ చిత్తును నిరవధికముగా వాయిదా వేసిరి. ప్రజలు ఓటువేసి ప్రభుత్వమును మార్చవచ్చును. వృత్తపరిధిని మార్చుట ఎవరి తరమును కాదు.

ఓటునకు లొంగని సంఖ్య శ్రమకు లొంగునా? శ్రమకును జాగరూకత తోడు కావలెను. ఇంగ్లండులో విలియం షాంక్స్ అను బడిపంతులు అనేక సంవత్సరములు చేతితో లెక్కలు కట్టి, 1873 నాటికి 707 దశాంశస్థానములను ప్రకటించెను. 1882లో అతడు మరణించెను. 1937లో ప్యారిస్ నగరమున వెలసిన ఒక విజ్ఞానప్రదర్శనశాలలో ఆ అంకెలన్నింటిని ఒక గుండ్రని గది గోడపై పెద్దవిగా అమర్చిరి. 1944 ప్రాంతమున ఫెర్గూసన్ అను ఆంగ్లేయుడు వేఱొక సూత్రముతో లెక్కింపగా, 528వ స్థానముకడ షాంక్స్ పొరపాటు పడెనని బయటపడినది. అచ్చటినుండి తక్కిన అంకెలన్నియు వ్యర్థమే. ఇంచుమించు డెబ్బది సంవత్సరములు ఆ తప్పు గ్రంథములలో నిలిచి, తుదకు గోడనెక్కినది. 1949లో ప్యారిస్ గోడపైనున్న అంకెలను సరిదిద్దిరి. అయినను షాంక్స్ సాధించిన మొదటి 527 స్థానములు నిర్దుష్టములు. యంత్రము లేని కాలమున ఒంటరిగా అంతదూరము నడచినవాని శ్రమను చిన్నచూపు చూడరాదు. కాని ఒకరి లెక్కను వేఱొకరు వేఱొక మార్గమున సరిచూచినగాని అది సత్యమని నిలువదని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

కుంభకోణమున పెరిగిన శ్రీనివాస రామానుజన్ 1914లో ‘పై’ని గూర్చి ఒక ప్రసిద్ధవ్యాసమును ప్రకటించెను. అందలి ఒక శ్రేణి మిక్కిలి ఆశ్చర్యకరమైనది. మాధవుని శ్రేణిలో నూఱు పదములు కూడినను రానంత సూక్ష్మత, ఇందు మొదటి పదముతోనే లభించును; భూమి చుట్టుకొలతలో తప్పు ఒక మీటరునకు మించదు. అటుపిమ్మట ఒక్కొక్క పదమునకు సుమారు ఎనిమిదేసి అంకెలు చేరును. ఆ శ్రేణికి పూర్తి నిరూపణను 1987లో బోర్వీన్ సోదరులు ప్రకటించిరి. ఈలోగా గణనయంత్రములు వచ్చినవి. 1949లో ఎనియాక్ అను యంత్రము సుమారు డెబ్బది గంటలలో 2,037 స్థానములను లెక్కించెను. 1985లో గాస్పర్ అను అమెరికా దేశీయుడు రామానుజన్ శ్రేణితోనే ఒక కోటి డెబ్బది లక్షలకు పైగా అంకెలను సాధించెను. 2022లో ఈ సంఖ్య నూఱు లక్షల కోట్లకు చేరినది. ఆ పిదప అదియును వెనుకబడినది.

ఇన్ని అంకెలు ఎవరికి కావలెను? గ్రహాంతరములకు నౌకలను నడుపు అమెరికా అంతరిక్షసంస్థవారికి పదునైదు దశాంశస్థానములు చాలును. అయినను ఈ గణనలవలన క్రొత్త గణనయంత్రముల శక్తియు, నిర్దుష్టతయు పరీక్షింపబడును. అంతకంటె లోతైన కారణ మొకటి కలదు. ‘పై’ యొక్క అంకెలలో సున్న మొదలు తొమ్మిదివఱకు గల అంకెలన్నియు సమానముగా వచ్చునా అను చిన్న ప్రశ్నకు ఇంతవఱకు ఎవ్వరును నిరూపణ చూపలేదు. లెక్కించినంతమేర సమానముగానే కనబడుచున్నవి. కాని కనబడుట వేఱు, నిరూపించుట వేఱు.

ఇట్టి సంఖ్యకు ఒక పండుగ కూడ ఏర్పడినది. అమెరికావారు తేదీని వ్రాయునపుడు ముందు నెలను, తరువాత దినమును వ్రాయుదురు. ఆ పద్ధతిలో మార్చి 14 అనగా 3-14. ఇవి ‘పై’లోని మొదటి మూడు అంకెలు. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరములోని ఎక్స్‌ప్లొరేటోరియం అను విజ్ఞానశాలలో లారీ షా అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆనాడు మొదటి ఉత్సవమును జరిపెను. అచ్చటి ఉద్యోగులును సందర్శకులును వృత్తాకారముగా ప్రదక్షిణము చేసి, పండ్లతో చేసిన ‘పై’ అను పిండివంటను ఆరగించిరి. ఇంగ్లీషులో ఆ పిండివంట పేరును, ఈ సంఖ్య పేరును ఒక్కతీరుననే పలుకుదురు. 2009లో అమెరికా ప్రతినిధిసభ ఈ దినమును గుర్తించుచు తీర్మానము చేసెను. ‘పై’ విలువను ఓటుతో మార్చబోయిన దేశముననే ఆ సంఖ్యను గౌరవించుటకు ఓటువేయుట ముచ్చటైన విషయము. 2019లో యునెస్కో మార్చి 14ను అంతర్జాతీయ గణితదినముగా ప్రకటించెను. 2020నుండి దానిని జరుపుచున్నారు. ఐన్‌స్టీన్ పుట్టినదియు ఆ తేదీననే. దినమును ముందు వ్రాయు మన పద్ధతిలో జూలై 22 అనగా 22-7. కనుక కొందఱు ఆనాడు ‘పై’ యొక్క ఆసన్నదినమును జరుపుకొందురు.

ఉత్సవదినమున విద్యార్థులు అంకెలను కంఠస్థముచేసి అప్పగించుటయు వాడుకయైనది. మన దేశమునకు చెందిన రాజ్‌వీర్ మీనా 2015 మార్చి 21న వేలూరులో కన్నులకు గంతలు కట్టుకొని, సుమారు పదిగంటలసేపు 70,000 స్థానములను వరుసగా వల్లించెను. ఇది గొప్ప ధారణాశక్తి. కాని అంకెలు గుర్తులేనివాడును ఈ పండుగకు దూరము కానక్కఱలేదు. ఒక దారమును, ఒక పళ్ళెమును చేతబట్టి, ఆ మిగులు ముక్కను తాను స్వయముగా కొలిచి, ‘ఇంతవఱకు సరి, ఇంతలో తప్పుండవచ్చును’ అని నిజాయితీగా వ్రాసినవాడు ఆర్కిమిడీసు, ఆర్యభటుడు నడచిన బాటలోనే నడచినవాడగును.

వృత్తము ప్రతియింటను కలదు. దానిలోని సంఖ్య తుది మాత్రము ఎవరికిని దొరకలేదు. దొరకదని కూడ నిరూపింపబడినది. అయినను ఒక్కొక్క తరమువారు ముందుతరమువారికంటె దగ్గరకు పోగలిగిరి. ఏలయన, తాము చేరినచోటే గమ్యమని వారు తలంపలేదు; ఇంకను ఎంత దూరము మిగిలియున్నదో కూడ చెప్పిపోయిరి. ఆర్యభటుడు వాడిన ఆసన్నమను మాటలోని వివేకము అదియే.